ఒంట్లో మూడో నంబరు హెచ్చరిక

కిందటేడు ఒక మంగళవారం మధ్యాహ్నం మా ఆఫీసులో బీపీ, షుగరు పరీక్షల క్యాంపు పెట్టారు. శ్రీకాకుళంలో నా సీటు రెండో అంతస్తులో. కింద వరండాలో బల్ల వేసుకుని కూర్చున్న నర్సమ్మగారు నా జబ్బకు పట్టీ చుట్టి చూశారు. 156/98. "మెట్లు దిగి వచ్చారు కదా, కాసేపు కూర్చోండి" అన్నారు. పది నిమిషాల తర్వాత 154/98. వెనక లైన్లో నిలబడ్డ మా అటెండరు "మిషనేటి పాడైపోనాదా సార్?" అన్నాడు. నాకూ అదే అనుమానం.

ఆదివారం విజయనగరంలో ఇంటి దగ్గర, మా బావమరిది కొనుక్కున్న మిషన్‌తో టిఫినుకు ముందు చూసుకుంటే 126/82. నర్సమ్మగారి మిషనే తప్పని సంబరపడ్డాను. సోమవారం ఆ ఇంటి మిషన్‌నే సంచిలో వేసుకుని రైలెక్కాను. సాయంత్రం పై అధికారులు ఫోన్లో పెట్టే టెలికాన్ఫరెన్సుకు పావుగంట ముందు, ఫైళ్ల బీరువా పక్కన కూర్చుని చూసుకున్నాను. 152/96. మిషన్ అదే, చెయ్యి అదే. మారినవి చోటూ, వేళా మాత్రమే.

రెండింటిలో ఏది నిజమని డాక్టరుగారిని అడిగితే "రెండూ నిజమే. కాకపోతే వారంలో ఐదారు రోజులు మీ గుండె చూస్తున్నది ఆ పెద్ద అంకెనే" అన్నారు. ఈ రకానికి వైద్యంలో పేరు కూడా ఉంది, మాస్క్‌డ్ హైపర్‌టెన్షన్ అని. ఆస్పత్రి కుర్చీలో మామూలుగా ఉండి, బయట మాత్రం పెరిగే బీపీ. ముసుగేసుకుని తిరిగే బీపీ అనుకోవచ్చు. డాక్టరు తెల్లకోటు చూడగానే పెరిగే బీపీ సంగతి చాలామందికి తెలుసు. ఇది దానికి తిరగబడ్డ రూపం. పరీక్షలో పట్టుబడదు కాబట్టి మందు పడదు. అందుకే దానికన్నా ఇదే ఎక్కువ ప్రమాదం.

అప్పటినుంచి నన్ను పట్టుకున్న ప్రశ్న ఒకటే. ఆఫీసులో నేను మూటలు మొయ్యను, ఎండలో నిలబడను. ఫ్యాను కింద కూర్చుని కాగితాల మీద చేసే పనికీ రక్తనాళాలకీ ఏమిటి సంబంధం? టెన్షన్ అనేది మనసుకు సంబంధించిన మాట కదా, అది కండరాల్లోకి, కడుపులోకి, గుండెలోకి ఏ దారిన దిగుతోంది?

కళింగపట్నం రేవులో

బంగాళాఖాతంలో వాయుగుండం పడిందంటే మన పేపర్లలో ఒక వాక్యం తప్పకుండా వస్తుంది: కళింగపట్నం, భీమునిపట్నం రేవుల్లో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. ఆ హెచ్చరిక ఎక్కగానే తీరమంతా మారిపోతుంది. పడవలు ఒడ్డుకు లాగేస్తారు. వేట బంద్. సెలవులు రద్దు. కలెక్టరేట్లో కంట్రోల్ రూమ్. బడులు ఖాళీ చేసి జనాన్ని పెడతారు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఇదంతా చూసినవాళ్లమే. అదంతా అవసరమే. ఆ నాలుగు రోజులూ మామూలు పనులు ఆగిపోయినా ఎవరూ తప్పు పట్టరు.

ఇప్పుడు ఆ హెచ్చరికను ఆర్నెల్లపాటు దించలేదనుకోండి. ఒడ్డున ఎండిన పడవ పలకలు విచ్చుకుంటాయి. వలలు బాగుచేసేవాళ్లుండరు. బడిలో పాఠాలుండవు. సరుకు తెచ్చే లారీ రాదు. ఇక తుపాను రానక్కర్లేదు, హెచ్చరికే ఊరిని తినేస్తుంది.

మన ఒంట్లో ఆ హెచ్చరిక ఎగరేసేది మెదడు అడుగున, చిక్కుడుగింజంత ఉండే హైపోథాలమస్. ప్రమాదం అనిపించగానే అది రెండు దారుల్లో కబురు పంపుతుంది. మొదటి దారి నరాలది. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులకు క్షణాల్లో కబురు అంది, అడ్రినలిన్ రక్తంలో కలుస్తుంది. గుండె వేగం పెరుగుతుంది, చర్మానికీ కడుపుకీ వెళ్లే రక్తనాళాలు బిగుసుకుంటాయి, కాలేయం దాచుకున్న చక్కెరను వదులుతుంది, దెబ్బ తగిలితే రక్తం కారిపోకుండా గడ్డకట్టే గుణం పెరుగుతుంది. కొట్లాడు, లేదా పారిపో అని ఒంటిని సిద్ధం చేసే ఈ ఏర్పాటును అమెరికా శరీరశాస్త్రజ్ఞుడు వాల్టర్ కానన్ 1915లోనే వివరించాడు.

రెండో దారి కాస్త నిదానం. హైపోథాలమస్ పక్కనున్న పిట్యుటరీ గ్రంథికి చెబుతుంది, పిట్యుటరీ అడ్రినల్‌కు చెబుతుంది, అక్కడినుంచి కార్టిసాల్ అనే హార్మోను వస్తుంది. తహసీల్దారు ఆఫీసు ఫైలులాగా మూడు టేబుళ్లు దాటాలి కాబట్టి నిమిషాలు పడుతుంది. ఈ దారిలో ఒక అందమైన ఏర్పాటుంది. కార్టిసాల్ తగినంత వచ్చిందని మెదడుకు తెలియగానే, ఇక చాలు అని మెదడే ఆపేస్తుంది. అంటే హెచ్చరిక దించే తాడు కూడా హెచ్చరికతో పాటే కట్టి ఉంటుంది.

కార్టిసాల్‌ను విలన్‌లా చూపించి దాన్ని తగ్గించే పొడులు అమ్మేవాళ్లు ఈమధ్య ఫోన్లో తెగ కనిపిస్తున్నారు. అది లేకపోతే మనిషి బతకడు. పొద్దున్న నిద్ర లేచిన అరగంటా ముప్పావుగంటలో అది తారస్థాయికి చేరుతుంది, మనల్ని మంచం మీంచి లేపి నిలబెట్టేది అదే. అక్కడినుంచి తగ్గుతూ వచ్చి అర్ధరాత్రికి అడుగంటుతుంది. తేడా ఎక్కడొస్తుందంటే, రాత్రి తొమ్మిదిన్నరకు వాట్సాప్ గ్రూపులో "రేపు ఉదయం 9 కల్లా నివేదిక పంపవలెను, లేనిచో సంజాయిషీ" అని మెసేజ్ పడినప్పుడు. మంచాన పడుకున్నవాడి ఒంటికి అడవిలో ఎలుగుబంటికీ ఆ మెసేజ్‌కీ తేడా తెలియదు. ఎలుగుబంటి అయితే పది నిమిషాల్లో అటో ఇటో తేలిపోతుంది. నివేదిక అలా తేలదు. ఇది అయ్యేలోపు ఇంకోటి వస్తుంది.

హాన్స్ సెల్యే అనే శాస్త్రజ్ఞుడు కెనడాలో ఎలుకల మీద పనిచేస్తూ 1936లో ఒక చిన్న వ్యాసం రాశాడు. మొదట ఆయన వెతికింది కొత్త హార్మోను కోసం. ఏ పదార్థం ఎక్కించినా, చలిలో పెట్టినా, గాయం చేసినా ఎలుకల్లో అవే మూడు మార్పులు కనిపించాయి: అడ్రినల్ గ్రంథులు ఉబ్బడం, రోగనిరోధక శక్తికి సంబంధించిన థైమస్ కుంచించుకుపోవడం, కడుపులో పుండ్లు. ముందు కంగారు, తర్వాత ఓర్చుకోవడం, చివరికి అలిసిపోవడం అని ఆయన మూడు దశలు చెప్పాడు. తర్వాత 1993లో బ్రూస్ మెక్‌యూవెన్ ఇంకో కోణం చూపించాడు. ఒళ్లు అలిసి చేతులెత్తేయడం కన్నా, రోజూ సర్దుకుంటూ పోవడమే దాన్ని అరగదీస్తుందని. ఆయన పెట్టిన శాస్త్రీయ నామం అలా ఉంచితే, మన చెప్పులకు వాడే మాటే సరిపోతుంది: అరుగుదల. ఒక్కరోజులో కనిపించదు. ఒక వైపే ఎక్కువ అరుగుతుంది. మనం చూసేసరికి మడమ కింద చిల్లు ఉంటుంది.

ఎక్కడ అరుగుతుంది

ముందు రక్తనాళాలు. బీపీ అప్పుడప్పుడూ పెరగడం తప్పు కాదు, మెట్ల మీద పరుగెత్తినా పెరుగుతుంది. కానీ ఆరోగ్యంగా ఉన్న మనిషికి రాత్రి నిద్రలో బీపీ పగటి కన్నా పది నుంచి ఇరవై శాతం దిగాలి. నాళాల గోడలకు అదే విశ్రాంతి. పగలంతా బిగుసుకుని, రాత్రి కూడా సరిగ్గా దిగకపోతే గోడ లోపలి పొర దెబ్బతింటుంది. ఆ దెబ్బ దగ్గర కొవ్వు పేరుకుంటుంది, దాన్ని బాగుచెయ్యడానికి వచ్చిన తెల్లరక్తకణాలే అక్కడ వాపు పెంచుతాయి.

ఈ వాపు కథలో ఈమధ్య తెలిసిన ముక్క ఒకటి నాకు భలే ఆశ్చర్యంగా అనిపించింది. 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనంలో 293 మందికి స్కానింగ్ చేసి, ఆ తర్వాత వాళ్ల ఆరోగ్యాన్ని కొన్నేళ్లు గమనించారు. మెదడులో భయాన్ని పసిగట్టే అమిగ్డలా అనే చిన్న భాగం ఎవరిలో ఎక్కువ చురుగ్గా ఉందో, వాళ్ల ఎముక మజ్జ కూడా ఎక్కువ చురుగ్గా ఉంది, ధమనుల్లో వాపు ఎక్కువగా ఉంది, తర్వాతి ఏళ్లలో గుండెపోటు, పక్షవాతం లాంటివి కూడా వాళ్లకే ఎక్కువ వచ్చాయి. ఎముక మజ్జ అంటే తెల్లరక్తకణాల కార్ఖానా. మెదడులో గాభరాకీ గుండె నాళంలో వాపుకీ మధ్య దారి ఎముకల్లోంచి పోతోందన్నమాట.

తర్వాత షుగరు. హెచ్చరిక ఎగిరినప్పుడల్లా కాలేయం చక్కెర వదులుతుంది అన్నాను కదా. పరుగెత్తితే అది కండరాల్లో ఖర్చవుతుంది. మనం కుర్చీలోనే ఉంటాం. ఖర్చు కాని చక్కెరను సర్దడానికి ఇన్సులిన్ ఎక్కువ పుట్టాలి. ఇలా చాలాకాలం సాగితే కణాలు ఇన్సులిన్ మాట వినడం మానేస్తాయి. పైగా కార్టిసాల్ కొవ్వును పొట్ట చుట్టూ చేరుస్తుంది, ఆకలి పెంచుతుంది, అదీ తీపి, నూనె సరుకుల మీదకు మనసు లాగుతుంది. సాయంత్రం ఆఫీసు నుంచి బయటపడగానే బజ్జీల బండి దగ్గర ఆగే కాళ్లను నేను తప్పు పట్టను. అవి కొంత కార్టిసాల్ కాళ్లు.

నిద్ర దీనికి ఆజ్యం పోస్తుంది. 1999లో చేసిన ఒక ప్రయోగంలో ఆరోగ్యంగా ఉన్న 11 మంది కుర్రాళ్లను ఆరు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చారు. వారంలోపే వాళ్ల ఒళ్లు చక్కెరను సర్దుకునే తీరు పాడైంది, సాయంత్రం తగ్గాల్సిన కార్టిసాల్ తగ్గలేదు. పలాస నుంచో విజయనగరం నుంచో తెల్లవారుజామున రైలెక్కి విశాఖ వెళ్లి రాత్రికి తిరిగొచ్చే అప్ అండ్ డౌన్ బ్యాచ్ ఈ ప్రయోగాన్ని ఏళ్ల తరబడి ఉచితంగా చేస్తున్నారు.

కడుపు సంగతి కొంచెం వింతగా ఉంటుంది. ఒత్తిడిలో జీర్ణాశయం నెమ్మదిస్తుంది, పెద్దపేగు మాత్రం వేగం పెంచుతుంది. అందుకే ఇన్‌స్పెక్షన్ రోజున పైన అన్నం అరగనట్టు బరువుగా ఉంటుంది, కింద మాత్రం బాత్రూమ్‌కు పరుగు. పేగులకూ మెదడుకూ మధ్య నరాల రాకపోకలు రెండు వైపులా ఉంటాయి కాబట్టి కడుపు బాగోకపోతే మనసూ బాగోదు.

రోగనిరోధక శక్తి మీద రెండు ప్రయోగాలు చెప్పి ముందుకెళ్తాను. 1998లో 276 మంది వలంటీర్ల ముక్కుల్లో జలుబు వైరస్ వేసి ఎవరికి పడిశం పడుతుందో చూశారు. నెలకు మించి చిక్కుల్లో ఉన్నవాళ్లకు ఎక్కువ పట్టింది. ఆ చిక్కుల్లో ముఖ్యమైనవి మనుషులతో తగాదాలు, ఉద్యోగం లేకపోవడం, ఉన్న పని చాలకపోవడం. ఇంకోటి 1995లోది. మతిమరుపు జబ్బున్న బంధువులకు సేవ చేస్తున్న ఆడవాళ్ల చేతి మీద చిన్న గాటు పెట్టి మానడానికి ఎన్ని రోజులు పడుతుందో లెక్కపెట్టారు. అదే వయసున్న మిగతా ఆడవాళ్ల కన్నా వాళ్లకు సుమారు తొమ్మిది రోజులు ఎక్కువ పట్టింది. ఆ సేవకు జీతం లేదు, సెలవు లేదు. ఆఫీసులో ఎనిమిది గంటలు చేసి, ఇంటికొచ్చి మంచాన పడ్డ అత్తగారికి చాకిరీ చేసే మా సెక్షన్ మేడమ్‌కి గాయం మానడానికి ఎన్ని రోజులు పడుతుందో ఎవరూ లెక్కపెట్టలేదు.

పని ఎక్కువైతేనా?

ఇక్కడే నేను ఇన్నాళ్లూ తప్పుగా అనుకున్నాను. టెన్షన్ జబ్బులు పెద్ద పదవుల జబ్బులని మన నమ్మకం. పెద్ద ఆఫీసరుకు బాధ్యత ఎక్కువ, బీపీ ఎక్కువ, బైపాస్ ఎక్కువ. కింది ఉద్యోగికేముంది, చెప్పింది చేసి ఇంటికెళ్తాడు అంటాం.

లండన్‌లో 1967లో మొదలుపెట్టి ప్రభుత్వ ఉద్యోగులు దాదాపు 18 వేల మందిని ఏళ్ల తరబడి గమనించిన వైట్‌హాల్ అధ్యయనం దీన్ని తలకిందులు చేసింది. అందరూ సర్కారు జీతగాళ్లే, అందరికీ ఒకే ప్రభుత్వ వైద్యం, తిండికి లేనివాళ్లు ఎవరూ లేరు. అయినా గుండె జబ్బుతో చనిపోవడం పైస్థాయి అధికారుల్లో కన్నా అట్టడుగున ఉన్న బంట్రోతుల్లో మూడు రెట్లకు పైగా ఉంది. మధ్యలోవాళ్లు మధ్యలో ఉన్నారు. మెట్టు దిగేకొద్దీ చావు పెరిగింది. కిందివాళ్లు సిగరెట్లు ఎక్కువ కాలుస్తారు కదా అంటే, సిగరెట్టు, బీపీ, కొలెస్ట్రాల్ అన్నీ లెక్కలోకి తీసుకున్నా తేడాలో సగం కూడా తేలలేదు. 1985లో ఆడవాళ్లను కూడా కలిపి 10,308 మందితో మైకేల్ మార్మట్ బృందం రెండో అధ్యయనం మొదలుపెట్టింది. మిగిలిన తేడాలో పెద్ద ముక్క అందులో దొరికింది: తన పని మీద తనకు చెల్లుబాటు ఎంత. ఏది ముందు చెయ్యాలి, ఎలా చెయ్యాలి, ఎప్పుడు ఆపాలి అనేది మనిషి చేతిలో లేని ఉద్యోగాల్లో గుండె జబ్బు ఎక్కువ.

అమెరికాలో రాబర్ట్ కరసెక్ 1979లోనే ఈ సూత్రం చెప్పాడు. పని బరువు ఒక్కటే చంపదు. బరువు ఎక్కువై, చెల్లుబాటు తక్కువైతేనే చంపుతుంది. కలెక్టరుగారికి రోజుకు ఇరవై సమస్యలు ఉండొచ్చు. టెలికాన్ఫరెన్స్ ఎన్నింటికో చెప్పేది మాత్రం ఆయన. ఆరింటికని చెప్పి ఏడున్నరకు మొదలైతే ఆ గంటన్నర ఫోను చెవి దగ్గర పెట్టుకుని, నీళ్లు తాగడానికి కూడా లేవకుండా కూర్చునేది మేము. పని లేని ఆ గంటన్నరలోనే నా బీపీ అన్నిటికన్నా ఎక్కువ. వరుసగా ఐదు వారాలు రాసుకున్నాను కాబట్టి నా మటుకు గట్టిగా చెప్పగలను. టెలికాన్ఫరెన్సులో అక్షింతలు పడుతున్నప్పటి కన్నా, పడతాయేమోనని ఎదురుచూస్తున్నప్పుడే అంకె పెద్దది.

జర్మనీలో పనిచేసిన యోహానెస్ సీగ్రిస్ట్ 1996లో ఇంకో త్రాసు పట్టుకొచ్చాడు. ఒక పళ్లెంలో పెట్టిన కష్టం, రెండో పళ్లెంలో వచ్చిన ప్రతిఫలం. ప్రతిఫలం అంటే డబ్బొక్కటే కాదు, గౌరవం, ఉద్యోగం ఉంటుందన్న భరోసా కూడా. పలాసలో జీడిపిక్కలు కొట్టి, పప్పు ఒలిచే ఆడవాళ్లకు కూలి తూకం లెక్కన. జీడి తొక్కలోంచి కారే నూనె చేతుల్ని కాలుస్తుంది, ఆగితే తూకం తగ్గుతుంది. పైడిభీమవరం కంపెనీల్లో కాంట్రాక్టు కుర్రాడికి రేపు గేటు దగ్గర పేరు పిలుస్తారో లేదో తెలియదు. వీళ్లకెవరికీ టెన్షన్ అనే మాట నోట్లోంచి రాదు. "ఒళ్లంతా లాగేత్తంది" అంటారు. డాక్టరు దగ్గరకు నొప్పిగా వస్తుంది గానీ ఒత్తిడిగా రాదు.

గంటల లెక్క కూడా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో వేసిన అంచనా ప్రకారం, వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవాళ్లతో పోలిస్తే 55 గంటలు, అంతకు మించి చేసేవాళ్లకు పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చావు ముప్పు 17 శాతం ఎక్కువ. 2016 ఒక్క ఏడాదిలోనే దీనివల్ల ప్రపంచవ్యాప్తంగా 7 లక్షల 45 వేల మంది పోయారని లెక్క. 1948 నాటి మన ఫ్యాక్టరీల చట్టం పెట్టిన హద్దు వారానికి 48 గంటలే. వారంలో ఒక్క డబుల్ డ్యూటీ పడితే 56.

అంతా టెన్షనేనా?

ఇంతవరకు చదివి, అయితే అన్ని జబ్బులూ టెన్షన్ వల్లేనన్నమాట అనుకుంటే అది ఇంకా పెద్ద తప్పు. అంకెలు నిదానంగా చూడాలి.

యూరప్‌లో 13 అధ్యయనాల నుంచి దాదాపు 2 లక్షల మంది వివరాలు పోగేసి 2012లో లెక్క తీస్తే, బరువు ఎక్కువ, చెల్లుబాటు తక్కువ ఉద్యోగాల్లో గుండె జబ్బు ముప్పు 23 శాతం ఎక్కువని తేలింది. మామూలు ఉద్యోగాల్లో వందమందికి పదిమందికి జబ్బు వస్తుందనుకుంటే ఇక్కడ పన్నెండు మందికి. చిన్నది కాదు, సిగరెట్టు చేసే చెరుపుతో పోలిస్తే మాత్రం చాలా తక్కువ. మరి 52 దేశాల్లో గుండెపోటు వచ్చినవాళ్లను అడిగి చేసిన 2004 నాటి ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో, ఎప్పుడూ పని ఒత్తిడే అన్నవాళ్లలో ముప్పు రెండింతలకు పైగా ఎందుకు కనిపించింది? నాకు తోచిన కారణం ఇది. జబ్బు వచ్చాక అడిగితే ఎవరైనా వెనక్కి తిరిగి కారణం వెతుక్కుంటారు. ఆస్పత్రి మంచం మీద ఉన్న మనిషికి టెన్షన్ గుర్తొచ్చినంతగా బీడీ గుర్తురాదు.

ఆర్టీసీ బస్సు ఎక్కినప్పుడల్లా నాకు ఇంకో పాత కథ గుర్తొస్తుంది. 1953లో జెర్రీ మోరిస్ లండన్ డబుల్ డెక్కర్ బస్సుల్లో డ్రైవర్లకూ కండక్టర్లకూ గుండె జబ్బుల తేడా చూశాడు. డ్రైవర్లకే ఎక్కువ. ట్రాఫిక్ టెన్షన్ అని ఎవరికైనా తోస్తుంది. మోరిస్ మాత్రం కండక్టరు రోజంతా మెట్లెక్కి దిగుతాడు, డ్రైవరు కూర్చునే ఉంటాడు అన్నాడు. కొన్నాళ్ల తర్వాత ఆయనే యూనిఫాం కొలతలు తీయించి చూస్తే డ్రైవర్ల నడుములు ఉద్యోగంలో చేరినప్పుడే లావుగా ఉన్నాయి. ఒత్తిడా, కూర్చోవడమా, ముందునుంచీ ఉన్న ఒళ్లా? మనిషిలో ఇవి విడివిడిగా ఉండవు. టెన్షన్ ఎక్కువైతే నడక తగ్గుతుంది, టీ పెరుగుతుంది, టీతో సిగరెట్టు పెరుగుతుంది. ఆ చెరుపులో టెన్షన్ వాటా ఎంత, సిగరెట్టు వాటా ఎంత అని గీత గీయలేం.

కడుపులో పుండు కథ ఇంకా మంచి పాఠం. దశాబ్దాలపాటు అల్సర్ అంటే టెన్షన్ జబ్బే. ఉద్యోగం మార్చుకోండి, కారం మానండి అనేవారు. ఆస్ట్రేలియా డాక్టర్లు బారీ మార్షల్, రాబిన్ వారెన్ దానికి ముఖ్యకారణం ఒక సూక్ష్మజీవి అని చూపించారు. ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ ఆ సూక్ష్మజీవులున్న ద్రావణం తానే తాగి కడుపు పాడుచేసుకున్నాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఇప్పుడు చాలా అల్సర్లు రెండు వారాల యాంటీబయాటిక్స్‌తో పోతాయి. అంతకు ముందు ఎంతమంది టెన్షన్ పడుతున్నందుకు తమను తామే తిట్టుకుని ఉంటారో.

మన జిల్లాలో ఇది ఇంకో రూపంలో ఉంది. ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇప్పటికీ తేలలేదు. దాన్ని టెన్షన్ ఖాతాలో వెయ్యడానికి వీల్లేదు. కానీ టెన్షన్ ఆ కిడ్నీల దగ్గరకు పక్కదారిన వెళ్లగలదు. ఒత్తిడిలో మెడ, భుజాల కండరాలు మనకు తెలియకుండానే బిగుసుకుని ఉంటాయి. సాయంత్రానికి తల చుట్టూ తాడు కట్టినట్టు నొప్పి. మందుల షాపులో చీటీ లేకుండానే డైక్లోఫెనాక్ ఇస్తారు. ఆ రకం మాత్రలు కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి, బీపీని పెంచుతాయి. కిడ్నీ జబ్బు ఇంటింటా ఉన్న ఊళ్లలో నొప్పి మాత్రను పిప్పరమెంటులా నోట్లో వేసుకోవడం చూస్తే నాకు భయమేస్తుంది. ఆ మాత్రలే తరచుగా వాడితే తలనొప్పి కూడా మొండిదవుతుంది.

అన్నిటికన్నా ప్రాణాంతకం మాత్రం "గ్యాస్" అనే మాట. ఛాతీ పట్టేసినట్టుంది, చెమటలు, ఎడమ చెయ్యి లాగుతోంది, దవడ నొప్పి. అయినా సోడా తాగి, గ్యాస్ మాత్ర వేసుకుని ఫైలు పూర్తిచేస్తాం. టెన్షన్ కదా తగ్గిపోతుందిలే అని పక్కసీటాయన ధైర్యం చెబుతాడు. గుండె కండరం రక్తం అందక నిమిషనిమిషానికీ చచ్చిపోతుంటుంది. అది గ్యాసో కాదో తేల్చాల్సింది ఈసీజీ. అలాంటప్పుడు మోటారు సైకిల్ తియ్యకుండా 108కి ఫోన్ చెయ్యాలి. ఆడవాళ్లకు, షుగరు ఉన్నవాళ్లకు నొప్పి లేకుండా ఆయాసం, నీరసంగానే రావచ్చు. వాళ్లనే ఎక్కువగా "టెన్షన్ పడకమ్మా" అని ఇంటికి పంపేస్తుంటాం.

తాడు ఎవరి చేతిలో

ప్రాణాయామం చేయండి, పాజిటివ్‌గా ఉండండి అని మా ఆఫీసులో కూడా ఒక రోజు శిక్షణ పెట్టారు. అదీ టెలికాన్ఫరెన్స్ ఉన్న రోజునే పెట్టారు. ఊపిరి నెమ్మదిగా, వదిలేటప్పుడు ఇంకా నెమ్మదిగా వదిలితే గుండె వేగం తగ్గే మాట నిజమే. రోజూ అరగంట నడక బీపీని, షుగరును, నిద్రను మూడింటినీ సర్దుతుంది, అదీ నిజమే. మనసు బాగా కుంగితే 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు, టెలి మానస్ పేరుతో కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టింది. ఇవన్నీ ఒడ్డున పడవకు చేసే మరమ్మతులు. హెచ్చరిక ఎగరేసేది, దించేది మాత్రం ఇంకెవరో. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నవుట్‌ను, అంటే పని ఒత్తిడితో పూర్తిగా అలిసిపోవడాన్ని, జబ్బుల జాబితా పుస్తకంలో రాస్తూ, ఇది జబ్బు కాదు, పనికి సంబంధించిన పరిస్థితి అని విడమర్చి చెప్పింది. నాకు అందులో ఉన్న మెలిక నచ్చింది. అలా చెప్పడంతో చూపు మనిషి మీంచి పనిచోటుకు మళ్లింది.

మా సెక్షన్లో జరిగింది చిన్న మార్పే. నా బీపీ అంకెల కాగితం చూపిస్తే మొదట సూపరింటెండెంటుగారు నవ్వారు. తర్వాత ఆయనా అదే మిషన్‌తో చూసుకున్నారు. 164/102. ఆ వారమే ఆయన రెండు పనులు చేశారు. నివేదికలన్నీ రోజుకు ఒక్కసారి, నాలుగింటికి ఇవ్వాలన్నారు. రాత్రి ఎనిమిది దాటాక గ్రూపులో ఏది వచ్చినా తుపానో, అగ్నిప్రమాదమో అయితేనే చూడండి, మిగతావి పొద్దున్న నేను చెబుతాను అన్నారు. పైనుంచి వచ్చే మెసేజ్‌లు ఆగలేదు. మా వరకు రావడం ఆగింది. అవి ఇప్పుడు ఎవరి నిద్ర తింటున్నాయో నాకు తెలుసు, అందుకే ఆయన ఈసీజీ తీయించుకునేదాకా నేనూ అటెండరూ వదల్లేదు.

మొన్న బుధవారం సాయంత్రం బీరువా పక్కన కూర్చుని చూసుకుంటే 138/88. డాక్టరుగారు బీపీ మాత్ర ఆపమనలేదు, నేనూ అడగలేదు.